బ్రేక్ డాన్స్‌లో 'బ్రేక్' అంటే ఏంటి? ఫంక్ డ్రమ్స్ నుంచి మన డప్పు దరువు దాకా

ఈ రోజు ఎపిసోడ్ ఒక చిన్న ప్రశ్నతో మొదలుపెడతాను. బ్రేక్ డాన్స్ అనే మాట మనందరికీ తెలుసు. అందులో డాన్స్ అంటే తెలుసు. మరి 'బ్రేక్' అంటే ఏంటి?

1987లో 'పసివాడి ప్రాణం' సినిమా వచ్చినప్పుడు నాకు పన్నెండేళ్ళు. మాది పామర్రు దగ్గర ఒక ఊరు. చిరంజీవి, విజయశాంతి చేసిన ఆ బ్రేక్ డాన్స్ పాట చూసొచ్చాక మా ఊళ్ళో కుర్రాళ్ళందరూ చేతులు పాముల్లా తిప్పడం మొదలుపెట్టారు. అప్పుడే మాలో మాకు వాదన వచ్చింది. ఒకడేమో "ఒళ్ళు విరుచుకుంటూ చేస్తారు కాబట్టి బ్రేక్ అన్నారు" అన్నాడు. ఇంకొకడు "కాదెహె, సైకిల్‌కి బ్రేకేసినట్టు ఆగి ఆగి చేస్తారు, అందుకే" అన్నాడు. మొదటివాడి మాటే నిజమని మేమందరం ఒప్పుకున్నాం. చాలా ఏళ్ళ తర్వాత తెలిసింది, రెండోవాడే నిజానికి దగ్గరగా వచ్చాడని. ఆగేది మాత్రం మనిషి కాదు, పాట.

అదెలాగో చెప్తాను. అమెరికాలో 1960ల రెండో సగంలో నల్లజాతి సంగీతంలోంచి ఫంక్ అనే పద్ధతి పుట్టింది. దానికి పెద్ద దిక్కు జేమ్స్ బ్రౌన్. అంతకు ముందు పాటల్లో రాగం, స్వరాల మార్పు ముందు నడిచేవి, తాళం వెనక ఉండి మోసేది. బ్రౌన్ దాన్ని తిరగేశాడు. గిటారు, బాకాలు, చివరికి గొంతు కూడా తాళవాద్యాల్లాగే పని చెయ్యాలన్నాడు. నాలుగు దెబ్బల ఆవర్తనంలో మొదటి దెబ్బ మీద అందరూ కలవాలి. మన సంగీతం తెలిసినవాళ్ళకి ఇది తేలిగ్గా అర్థమవుతుంది. మనం సమం అంటాం కదా, అదే. సమం మీద గట్టిగా దిగితే, మిగతా మూడు దెబ్బల మధ్యలో ఎన్ని మెలికలైనా తిరగొచ్చు. మళ్ళీ సమానికి వచ్చి కలిస్తే చాలు.

ఈ పద్ధతి ఆకాశంలోంచి ఊడిపడలేదు. న్యూ ఆర్లియన్స్ నగరంలో బానిసలుగా తెచ్చిన ఆఫ్రికా మనుషులు ఆదివారాలు కాంగో స్క్వేర్ అనే మైదానంలో చేరి డోళ్ళు వాయించేవాళ్ళు. ఆ తర్వాత అదే ఊళ్ళో ఊరేగింపుల బ్యాండ్లు వచ్చాయి. బ్యాండు వెనకాల జనం ఎగురుతూ నడిచే వరసని సెకండ్ లైన్ అంటారు. చావు ఊరేగింపులో కూడా బ్యాండు ఉంటుంది. ఫంక్ డ్రమ్స్‌లో ఉన్న ఆ ఊపు చాలావరకు ఆ వీధుల్లోంచి వచ్చిందే. చావుకీ జాతరకీ ఒకే వాయిద్యం మోగడం మన ఊళ్ళల్లో పెరిగినవాళ్ళకి కొత్త కాదు కదండీ. ఈ సంగతి కొంచెం గుర్తుపెట్టుకోండి, మళ్ళీ దీని దగ్గరికి వస్తాను.

ఇప్పుడు అసలు మాట. ఫంక్ పాట నడుస్తూ నడుస్తూ ఒకచోట గాయకుడు ఆగిపోతాడు. బాకాలు ఆగిపోతాయి. గిటారు ఆగిపోతుంది. డ్రమ్మర్ ఒక్కడే మిగులుతాడు. రెండు ఆవర్తనాలో, నాలుగో, ఎనిమిదో వాయిస్తాడు. తర్వాత మళ్ళీ అందరూ వచ్చి కలుస్తారు. పాటలో వచ్చే ఆ విరామాన్నే బ్రేక్ అంటారు. ఆ విరామంలో వాయించిన దరువు బ్రేక్‌బీట్. అంతే.

1969 నవంబర్‌లో సిన్సినాటిలో జేమ్స్ బ్రౌన్ బృందం 'ఫంకీ డ్రమ్మర్' అనే పాట రికార్డు చేసింది. ఏడు నిమిషాల పాట అది. 1970లో విడుదల చేసినప్పుడు రికార్డుకి రెండు వైపులా సగం సగం వేశారు. అందులో చివరికొచ్చేసరికి క్లైడ్ స్టబుల్‌ఫీల్డ్ అనే డ్రమ్మర్ ఒంటరిగా ఎనిమిది ఆవర్తనాలు వాయించాడు. దాదాపు 20 సెకన్లు. 1969లోనే ది విన్‌స్టన్స్ అనే బృందం 'ఆమెన్, బ్రదర్' అనే పాట చేసింది. వాళ్ళ హిట్ పాట ఒకటుంది, దాని రికార్డుకి వెనక వైపు ఏదో ఒకటి ఉండాలి కాబట్టి వేసిన పాట ఇది. అందులో గ్రెగరీ కోల్‌మన్ అనే డ్రమ్మర్ నాలుగు ఆవర్తనాలు వాయించాడు. దాదాపు 7 సెకన్లు.

(ఇక్కడ బల్ల మీద చేత్తో కొట్టి చూపించాను. చదివేవాళ్ళు వీడియోలో వినండి.)

విన్నారుగా. పెద్ద దెబ్బలు నాలుగైదే. కానీ వాటి మధ్యలో ఎడమ చెయ్యి మెల్లగా, వినీ వినపడనట్టు, చిన్న చిన్న దెబ్బలు కొడుతూనే ఉంటుంది. ఇంగ్లీషు వాయిద్యకారులు వాటిని ఘోస్ట్ నోట్స్ అంటారు. దయ్యం దెబ్బలు అన్నమాట. అవి తీసేస్తే బ్రేక్‌బీట్‌లో ప్రాణం పోతుంది. స్టబుల్‌ఫీల్డ్ చదువుకుని నేర్చుకున్న డ్రమ్మర్ కాదు. చిన్నప్పుడు చట్టనూగా ఊళ్ళో ఫ్యాక్టరీల చప్పుడు, రైళ్ళ చప్పుడు విని ఆ దరువులు పట్టుకున్నానని చెప్పేవాడు. రైసు మిల్లు పక్కన పెరిగినవాణ్ణి కాబట్టి ఆ మాట నేను నమ్ముతాను.

సరే, ఈ 20 సెకన్లు, 7 సెకన్లు ప్రపంచం మొత్తం ఎలా తిరిగాయి? 1973 ఆగస్టు 11న న్యూయార్క్ బ్రాంక్స్‌లో, 1520 సెడ్జ్‌విక్ అవెన్యూ అనే బిల్డింగులో సిండీ క్యాంప్‌బెల్ అనే అమ్మాయి ఒక పార్టీ పెట్టింది. బడులు తెరిచే ముందు కొత్త బట్టలు కొనుక్కోవడానికి నాలుగు డబ్బులు రావాలని. పాటలు వేసింది వాళ్ళ అన్నయ్య, జమైకా నుంచి వచ్చిన పద్దెనిమిదేళ్ళ కుర్రాడు క్లైవ్. అతన్నే కూల్ హెర్క్ అంటారు. పార్టీల్లో జనం పాటంతా ఊరికే నిలబడి, డ్రమ్స్ ఒంటరిగా మోగే ఆ చిన్న ముక్క రాగానే విరుచుకుపడి ఆడటం అతను గమనించాడు. అయితే ఆ ముక్కే ఎక్కువసేపు ఉంటే సరిపోతుంది కదా అనుకున్నాడు. ఒకే రికార్డు రెండు కాపీలు పక్కపక్కన పెట్టాడు. ఒకదాంట్లో బ్రేక్ అయిపోగానే రెండోదాంట్లో అదే బ్రేక్ వేశాడు. ఈలోగా మొదటిదాన్ని వెనక్కి తిప్పాడు. 20 సెకన్లు ఐదు నిమిషాలయ్యాయి.

ఆ బ్రేక్ కోసం కాచుకుని కూర్చుని, అది రాగానే నేల మీద పడి ఆడే కుర్రాళ్ళకి బ్రేక్ బాయ్స్ అని పేరొచ్చింది. వాళ్ళు ఆడింది బ్రేక్ డాన్స్. చూశారా, అది విరుపు డాన్సు కాదండీ, విరామం డాన్సు. 1984లో 'బీట్ స్ట్రీట్', 'బ్రేకిన్' లాంటి సినిమాలు వచ్చాక అది వీడియో క్యాసెట్ల మీద అన్ని దేశాలూ తిరిగింది. మన దగ్గర 1985లో 'దొంగ'లో మైకేల్ జాక్సన్ 'థ్రిల్లర్' తరహా పాట చేశారు. రెండేళ్ళకి 'పసివాడి ప్రాణం'. రెండింటికీ సంగీతం చక్రవర్తి గారే. మాట మన దాకా వచ్చింది. దాని వెనకున్న డ్రమ్మర్ మాత్రం రాలేదు.

మరి మనకి బ్రేక్ లాంటిది లేదా అంటే, ఉంది. చక్రవర్తి గారి ఊరు గుంటూరు జిల్లా తాడికొండ దగ్గర పొన్నెకల్లు. బెజవాడ నుంచి కృష్ణ దాటితే ఎంతో దూరం ఉండదు. బుర్రకథ పితామహుడు షేక్ నాజర్ గారిది కూడా ఆ ఊరే. బుర్రకథ చూసినవాళ్ళకి తెలుసు. కథకుడు తంబుర మీటుతూ, వేలికున్న అందెలు మోగిస్తూ కథ చెప్తాడు. పక్కన ఇద్దరు వంతలు గుమ్మెటలు వాయిస్తారు. కథ మంచి పట్టులోకి వచ్చాక ఒక్కసారి మాట ఆగిపోతుంది. గుమ్మెటలు రెచ్చిపోతాయి. ముగ్గురూ అడుగు వేస్తారు. జనం ఈల వేస్తారు. మళ్ళీ కథ. పల్నాటి యుద్ధమైనా అల్లూరి సీతారామరాజు కథైనా ఊరి జనాన్ని తెల్లవార్లూ కూర్చోబెట్టింది ఆ ఆగడం, ఆ అడుగు. ఫంక్‌కీ బుర్రకథకీ చుట్టరికం ఉందని నేననడం లేదు. పాట ఆగి దరువు మిగిలినప్పుడు మనిషి కాలు ఆగదని రెండు చోట్లా కనిపెట్టారు, అంతవరకే.

డప్పు సంగతి ఇంకా దగ్గరగా ఉంటుంది. డప్పుకి రెండు పుల్లలు. ఒకటి సిర్ర, లావుగా ఉంటుంది, పెద్ద దెబ్బ దానిది. రెండోది చిటికెన పుల్ల, సన్నగా ఉంటుంది. సిర్ర దెబ్బకీ దెబ్బకీ మధ్య చిటికెన పుల్ల తోలు మీద సన్నగా గిలకరిస్తూనే ఉంటుంది. దూరం నుంచి వినేవాళ్ళకి సిర్ర ఒక్కటే వినపడుతుంది. దగ్గర నిలబడితే ఒంట్లోకి దిగేది మాత్రం చిటికెన పుల్ల. ఇందాక దయ్యం దెబ్బలు అన్నానే, నా చెవికి అవి ఇవే.

ఇప్పుడు నా సంగతి చెప్పాలి. ఈ ఎపిసోడ్ చేయడానికి అసలు కారణం అదే.

నేను విజయవాడలో చాలా ఏళ్ళు ఆర్కెస్ట్రాల్లో ప్యాడ్స్ వాయించాను. పెళ్ళిళ్ళు, దసరా స్టేజీలు, వినాయక చవితి పందిళ్ళు. 2005లో అప్పు చేసి ఒక శాంప్లింగ్ ప్యాడ్ కొన్నాను. బయటి శబ్దం ఏదైనా అందులోకి ఎక్కించి, పుల్లతో కొడితే అదే శబ్దం వచ్చే యంత్రం. స్టేజి మీద మాస్ పాటలకి అసలైన డప్పు కావాలనిపించింది. మా ఊరి జాతరకి వెళ్ళినప్పుడు, ఊరి చివర పేటలో ఉండే ఒక పెద్దాయన్ని అడిగాను. చిన్నప్పటి నుంచి ఆయన డప్పు వింటూ పెరిగాను. ఊళ్ళో చావైనా, అమ్మవారి జాతరైనా, పంచాయతీ చాటింపైనా ఆయనే.

"ఏం బాబూ, మిషన్లోకా?" అని నవ్వాడు. గడ్డి మంట వేసి డప్పు కాచాడు. తోలు బిగిసిందో లేదో వేలితో కొట్టి చూసుకున్నాడు. పావుగంట వాయించాడు. అందులోంచి ఆరు సెకన్ల ముక్క నేను కోసుకున్నాను. టీ తాగించి వంద రూపాయల కాగితం చేతిలో పెట్టాను. ఆయన కళ్ళకద్దుకుని తీసుకున్నాడు. అప్పట్లో నేను మంచి పనే చేశాననుకున్నాను.

ఆ ఆరు సెకన్లతో పదేళ్ళకి పైగా బతికాను. మా ఆర్కెస్ట్రాకి ఆ దరువు వల్లే పేరొచ్చింది. తోటి వాయిద్యకారులు అడిగితే పెన్ డ్రైవ్‌లో ఇచ్చాను. వాళ్ళు ఇంకొకళ్ళకి ఇచ్చారు. ఒకరోజు రాత్రి బెంజి సర్కిల్ దగ్గర ట్రాఫిక్‌లో ఆగి ఉంటే, ఎవరిదో పెళ్ళి ఊరేగింపు వెళ్తోంది. డీజే బండిలోంచి ఆ దరువే. ఎలా గుర్తుపట్టానంటే, ఆ ముక్క చివర ఆయన సిర్ర చెక్క అంచుకి తగిలి 'టక్' మని ఒక చిన్న శబ్దం వస్తుంది. పొరపాటున పడింది. నేను తియ్యలేదు. ఆరు సెకన్లకోసారి ఆ టక్ వినపడుతోంది. కుర్రాళ్ళు ఎగురుతున్నారు. నాకు గర్వంగా అనిపించింది. నిజం చెప్తున్నాను, గర్వమే అనిపించింది.

2017 ఫిబ్రవరిలో క్లైడ్ స్టబుల్‌ఫీల్డ్ చనిపోయాడని వార్త చదివాను. అప్పుడు తెలిసింది మిగతా కథ. శాంప్లర్లు వచ్చాక 1980ల చివర్నించి ఆయన 20 సెకన్లని కోసి ఎంతమంది పాటలు కట్టారో లెక్క తేలడం కష్టం. పబ్లిక్ ఎనిమీ లాంటి పెద్ద బృందాలున్నాయి అందులో. వాటి మీద ఆయనకి రాయల్టీ రాలేదు. పాట జేమ్స్ బ్రౌన్ పేరు మీద ఉంది, చట్టం దృష్టిలో దరువు పాట కాదు. గ్రెగరీ కోల్‌మన్ సంగతి ఇంకా అన్యాయం. ఆయన 7 సెకన్ల మీద ఇంగ్లండులో జంగిల్ అనే ఒక సంగీత పద్ధతే లేచింది. దాన్ని వాడుకున్న పాటలు వేలల్లో ఉన్నాయి. ఆయన మాత్రం 2006లో అట్లాంటాలో ఇల్లూ వాకిలీ లేకుండా చనిపోయాడు. తన దరువు అంత దూరం వెళ్ళిందని ఆయనకి తెలిసుండకపోవచ్చంటారు. ఆ బృందం నాయకుడు రిచర్డ్ స్పెన్సర్‌కే 1996 దాకా తెలియదు. తెలిసేసరికి దావా వేసే గడువు దాటిపోయింది. 2015లో ఇంగ్లండ్ డీజే ఒకాయన చందాలు పోగుచేసి సుమారు 24,000 పౌండ్లు స్పెన్సర్‌కి ఇప్పించాడు. కోల్‌మన్ అప్పటికే లేడు.

అది చదువుతుంటే నా చెవిలో ఆ 'టక్' వినపడింది.

ఆ వారమే ఊరికి వెళ్ళాను. పెద్దాయన పోయి అప్పటికి రెండేళ్ళు. ఆయన చావుకి డప్పు కొట్టడానికి ఊళ్ళో మనుషులు లేక, పక్కూరి నుంచి పిలిపించారని చెప్పారు. వాళ్ళబ్బాయి ఆటోనగర్‌లో లారీల పని చేస్తాడు. వెళ్ళి కలిశాను. జరిగిందంతా చెప్పాను. ఫోన్‌లో ఆ ముక్క వినిపించాను. రెండోసారి ఆ టక్ రాగానే, "మా నాన్నేనండీ" అన్నాడు. ఇంక కాసేపు ఇద్దరం మాట్లాడలేదు.

నేను కొంత డబ్బు తీసుకెళ్ళాను. "అది అమ్మకివ్వండి" అన్నాడు. "మీ నాన్న పేరు ఇకనుంచి అన్నిచోట్లా చెప్తాను, వీడియో కూడా చేస్తాను" అన్నాను. వెంటనే చెయ్యి అడ్డం పెట్టాడు. "వద్దండీ. పేరు చెప్తే ఊరు చెప్పినట్టే, ఊరు చెప్తే పేట చెప్పినట్టే. మా అమ్మాయి హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తోంది. హాస్టల్లో ఎవరికీ తెలియదు. మీకది పాటండీ, మాకది వేరు."

ఆ మాట నాకు అర్థం కావడానికి టైము పట్టింది. స్టబుల్‌ఫీల్డ్‌కి కావలసింది పేరు. రికార్డు మీద తన పేరు వేస్తే చాలని ఆయన బాధ. మన దగ్గర డప్పు కొట్టినవాడి పేరు చెప్తే జనం ముందు కులం వింటారు, తర్వాతే దరువు వింటారు. ఎందుకంటే తరతరాలుగా మాదిగ పేటల్లో డప్పు కళగా రాలేదు, చాకిరీగా వచ్చింది. పిలిస్తే వెళ్ళాలి, కాదనడానికి లేదు. 1994లో ప్రకాశం జిల్లా ఈదుముడిలో పుట్టిన ఉద్యమం 'దండోరా' అనే పేరు పెట్టుకుని, అదే డప్పుని తలెత్తి వాయించింది. పాటల్లో, ఊరేగింపుల్లో, సభల్లో డప్పు గౌరవంగా నిలబడటం వెనక అలాంటి పోరాటాలున్నాయి. అయినా ఆ అబ్బాయి భయం అబద్ధం కాదు. ఆ భయం పోగొట్టాల్సింది అతను కాదు, మనం.

చట్టాలు కొంత మారాయి. మన కాపీరైట్ చట్టంలో 1994 సవరణ ప్రదర్శన చేసేవాళ్ళ హక్కుల్ని మొదటిసారి గుర్తించింది, 2012 సవరణ వాళ్ళకి రాయల్టీ మాట చేర్చింది. ఆంధ్రప్రదేశ్ పింఛన్ల జాబితాలో డప్పు కళాకారులు అని విడిగా ఒక వరస ఉంది. 2024 జులై నుంచి అది నెలకి 4,000 రూపాయలు. మా పెద్దాయన బతికుండగా అది లేదు. కానీ పెన్ డ్రైవ్‌లో చేతులు మారే ఆరు సెకన్ల దగ్గరికి ఏ చట్టమూ రాదు. అక్కడ వాయించేవాడూ కోసేవాడూ ఎదురెదురుగా ఉంటారు. న్యాయం ఆ ఇద్దరి మధ్యే తేలాలి.

అందుకే నా మటుకు నేను కొన్ని పెట్టుకున్నాను. ఎవరి దగ్గరైనా దరువు రికార్డు చేస్తే, ముందు అది ఏంచేస్తానో వివరంగా చెప్తాను. వాడిన ప్రతి పనికీ వాటా ఇస్తాను, టీ డబ్బులు కాదు. పేరు వెయ్యమంటారా, వద్దంటారా అని అడుగుతాను. ఏది చెప్తే అది. ఆ పాత ఆరు సెకన్ల ముక్క నా ప్యాడ్‌లోంచి తీసేశాను. బయట తిరుగుతున్నదాన్ని మాత్రం ఆపలేను. పోయినేడాది దసరాకి కూడా వన్ టౌన్‌లో వినపడింది.

ఈసారి మీరు ఏ పెళ్ళిలోనో డీజే ముందు నిలబడితే, పాట ఆగి దరువు ఒక్కటే మిగిలే చోట కాస్త చెవి పెట్టండి. దాన్నే బ్రేక్ అంటారు. అది మిషన్ చప్పుడులా వినపడుతుంది గానీ, ఎక్కడో ఒకరోజు ఒక మనిషి కూర్చుని వాయించిందే. ఎవరో అడగండి. చెప్పగలిగినవాళ్ళు చెప్తారు.